ఖాళీ స్లాటు మాహాత్మ్యం

షాపుకు పోయి, ఒకేసారి దుడ్లు కట్టి, నిండు కంప్యూటర్‌ను ఇంటికి తెచ్చుకునేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. వాళ్ల బతుకులో ఇక ఎదురుచూడటానికి ఏం మిగిలిందని?

తెలివైనవాడు కంప్యూటర్ కొనడు. కట్టుకుంటాడు! అదీ సగమే కట్టుకుని, మిగతా సగానికి చోటు వదులుతాడు. దీనికి అప్‌గ్రేడ్ అని పేరు పెట్టి ఎవరో కొత్తగా కనిపెట్టినట్టు చెబుతున్నారు. మా తనకల్లు వైపు ఏ ఊరికైనా రండి. ప్రతి మిద్దె మీదా పిల్లర్లలోంచి ఇనుప కడ్డీలు మొలకెత్తి ఉంటాయి. పై అంతస్తు కోసం వదిలినవి. తాత వదిలిన కడ్డీకి మనవడు చొక్కా ఆరేసుకుంటున్నాడు. అంతస్తు లేకపోతేనేం, ఆశకు తుప్పు పడుతుందా?

మా అమ్మాయి ప్రసూన సివిల్ డిప్లొమా చదివింది. కదిరిలో రాఘవేంద్ర అనే ఇంజనీరు ఇళ్ల ప్లాన్లు గీయిస్తుంటాడు. "నెలాఖరులోపు పది ప్లాన్లు కంప్యూటర్‌లో గీసి పంపమ్మా. బాగుంటే ఇంట్లో కూర్చునే పని చేసుకో, నెలనెలా జీతమిస్తా" అన్నాడు. ఇంకేం కావాలి? ఒక కంప్యూటర్, ముప్పై రోజులు!

ఇరవై వేలకు మించి పైసా లేదని నేను మొదటే తేల్చి చెప్పాను. ఇద్దరం కదిరి బస్టాండు దగ్గర కుళ్ళాయప్ప కంప్యూటర్ షాపుకు పోయాం.

"ఏమప్పా, ఇరవై వేలల్లో మంచిది ఉండాదా?"

"మంచిది లేదన్నా. మంచిదయ్యేది ఉండాది" అన్నాడు కుళ్ళాయప్ప.

ఎంత మాట! ఆ ఒక్క మాటకే ఇరవై వేలు ఇవ్వొచ్చు.

"ప్రాసెసర్ బెంగళూరు ఆఫీసోళ్లు తీసేసింది. బోర్డులో ర్యామ్‌కు రెండు స్లాట్లు ఉండాయి. ఒకదాంట్లో నాలుగు జీబీ ఏస్తా. ఇంకోటి ఖాళీ, తర్వాత ఏసుకో. గ్రాఫిక్స్ కార్డు తర్వాత ఏసుకో. డబ్బా లోపలి ఫ్యాను తర్వాత ఏసుకో. యూపీఎస్ కూడా..."

"మరి ఇప్పుడేమేస్తావన్నా?" అడిగింది ప్రసూన.

"పునాదేస్తానమ్మా."

ఆ పునాదిని బస్సులో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాం. ఆ రోజు నుంచి మా ఇంట్లో క్రమశిక్షణ మొదలైంది. కంప్యూటర్ స్విచ్ నొక్కాక తెర వెలిగేలోపు మా అమ్మ ఓబులమ్మ సంగటి గెలికి దించేది. ప్రసూన వంటగదికి ఒక గోడ గీస్తే, అది తెర మీద కనిపించేలోపు మా వీధిలో మేస్త్రీ ఓబుళేసు నిజం గోడే నాలుగు వరసలు లేపాడు. ఈ కాలం పిల్లలకు ఓపిక లేదంటారే! నాలుగు జీబీల కంటే గొప్ప గురువు ఉన్నాడా?

కరెంటు పోయిన ప్రతిసారీ అంతవరకూ గీసింది ఎగిరిపోయేది. మూడో ప్లాన్‌లో పడకగదిని ఆమె ఆరుసార్లు గీసింది. యూపీఎస్ ఉన్న ఇళ్ల పిల్లలకు ఏ పడకగదైనా అంత క్షుణ్ణంగా తెలుస్తుందా?

రెండో వారం పిల్ల ముఖం చూడలేక, ఖాళీ స్లాటులో ఇంకో ర్యామ్ వేయిద్దామని కుళ్ళాయప్పకు ఫోన్ చేశాను.

"రేటు మూడింతలైందన్నా. యాడో ఏఐ కంపెనీలోళ్లు ఫ్యాక్టరీలో ఉండేదంతా ఊడ్చుకుపోతాండారంట."

నేను టమాటాలు రోడ్డు పక్కన పారబోసి వచ్చిన వారం అది. మనం అమ్మబోయేది లోకంలో ఎవరికీ వద్దు. మనం కొనబోయేది మాత్రం లోకమంతటికీ కావాలి! ఇంత గుర్తింపు ఇంకే రైతుకు దక్కుతుంది?

నాలుగో వారానికి ఎండలు ముదిరాయి. పక్కింటి హనుమంతప్ప వచ్చి డబ్బా మీద చెయ్యి పెట్టి చూశాడు. ఇరవై ఏళ్లు ఆయిలింజన్లు బాగుచేసిన చెయ్యి అది.

"ఏమప్పా, జరమొచ్చినట్టు కాల్తాండాదే! గోతం తడిపి కప్పకూడదా?"

"ఇది కంప్యూటరన్నా."

"అయితే ఏమి? తిరిగేదేదైనా ఇంజనే గదా!"

న్యాయమే కదా? మా ఊళ్లో ఇంజను కాలినా, స్టార్టరు డబ్బా కాలినా, చివరికి మనిషికి ఎండదెబ్బ తగిలినా తడిగోతమే మందు. నేనే స్వయంగా తడిపాను. నీళ్లు కారకుండా గట్టిగా పిండాను కూడా, నేనేమన్నా మొరటువాడినా? ప్రసూన అన్నం తిని వచ్చేలోపు లోపల టప్‌మంది.

అప్పటికి ఏడు ప్లాన్లు అయ్యాయి. ఇంకా మూడు మిగిలాయి. గడువు అయిదు రోజులు.

డబ్బా మోసుకుని ఇద్దరం మళ్లీ షాపుకు పోయాం. కుళ్ళాయప్ప విప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాడు.

"గీసినవి పోలేదు, పెన్‌డ్రైవ్‌లో ఎక్కిస్తాలేమ్మా. బోర్డు మాత్రం పోయిందన్నా. ఈ రకం బోర్డు ఇప్పుడు దొరకదు. కొత్తది ఏస్తే పాత ప్రాసెసర్ కూర్చోదు. పాత ర్యామూ పట్టదు."

"మరి పాతదాంట్లో పనికొచ్చేదేమప్పా?"

"డబ్బా ఉండాది. నాలుగు స్క్రూలు ఉండాయి."

నేను ధైర్యం కోల్పోలేదు. "దిగులెందుకమ్మా, ఈసారి ఇంకా గట్టి పునాది వేయిద్దాం. ఒక్కోటి మెల్లగా చేర్చుకుందాం" అన్నాను.

ప్రసూన పెన్‌డ్రైవ్ బ్యాగులో వేసుకుని నా వైపు తిరిగింది.

"నాయనా, పోయిన నెల మన చేన్లోకి బోరు లారీ వచ్చినప్పుడు, 'ఇప్పటికి నూరడుగులు ఏయండప్పా, మిగతాది తర్వాత చూస్కుందాం' అన్యావా నువ్వు?"

కుళ్ళాయప్ప ఫోన్ మోగకుండానే చెవి దగ్గర పెట్టుకుని బయటికి పోయాడు.

బోరు వేరు, కంప్యూటర్ వేరు అని విడమరిచి చెబుదామనుకున్నాను. బోరు ఇంటిల్లిపాదిదీ, కంప్యూటర్ ఒక్క ఆడపిల్లది. ఎంత చక్కటి వాదన! కానీ వినడానికి ఆమె ఆగితే కదా? రోడ్డు దాటి ఎదురుగా ఉన్న ఇంటర్నెట్ సెంటర్‌లోకి పోయి గంటల లెక్కన కూర్చుంది. అయిదు రోజులూ పొద్దున బస్సుకు పోయింది. ఒక పిల్లవాడికి లెక్కల ట్యూషన్ చెప్పగా వచ్చిన దుడ్లు అందుకు సరిపోయాయట. నన్ను అడగలేదు.

నెలాఖరు రోజు పది ప్లాన్లూ పంపింది. రాఘవేంద్ర ఫోన్ చేశాడు. "ఇంట్లో కూర్చుని గీయడం ఎందుకమ్మా, ఆఫీసుకే వచ్చేయ్. ఇక్కడ నీకో కంప్యూటర్ పెట్టిస్తా."

కాబట్టి పాఠకులారా, తక్కువ దుడ్లతో కంప్యూటర్ కట్టుకోవాలనుకునేవాళ్లు నన్ను సంప్రదించండి. ఒక డబ్బా, నాలుగు స్క్రూలు ఉచితంగా ఇస్తాను.

బోరు సంగతి మాత్రం అడగకండి. నాలుగు నిండు కంప్యూటర్లు వచ్చే దుడ్లు, బేరం కూడా ఆడకుండా, ఒక్క రోజులో లెక్కపెట్టి ఇచ్చాను. తొమ్మిది వందల అడుగులు పోయినా చుక్క పడలేదు. లోపలినుంచి వచ్చిన తెల్లటి రాతిపొడి చేని గట్టున కుప్పగా ఉంది. ప్రసూన రోజూ బస్సుకు దాని పక్కనుంచే నడిచిపోతుంది. అటు చూడదు. చూసి, నన్నొక మాట అన్నా బాగుండును.