అబద్ధం వింటే తిరిగే ఇంజన్

పదకొండింటికి పెద్దాయన వచ్చేలోగా టర్న్‌టేబుల్ కట్టి, తిప్పి చూసి, పెట్టెలో సర్దేయాలి. తర్వాత తాపీగా షాపు తెరవొచ్చు. పొద్దున పళ్లు తోముకుంటూ ఎలక్ట్రికల్ షాపు యజమాని వేసుకున్న లెక్క ఇది. షాపు కింద, కాపురం పైన కాబట్టి దారిఖర్చు కూడా లేదు.

పెద్దాయనంటే రిటైరైన ఇంజన్ డ్రైవరు. ఇంటి హాలు నిండా బొమ్మ రైల్వే వేయిస్తున్నాడు. ఇంజన్‌ను మీదికెక్కించుకుని, గుండ్రంగా తిరిగి, వేరే పట్టా మీదికి మళ్లించే బుల్లి వంతెనే టర్న్‌టేబుల్. దాని విడిభాగాల కిట్టూ, పరీక్షకని ఒక బొమ్మ ఇంజనూ ఇచ్చి, "ఇది సరిగ్గా కట్టిచ్చిన షాపుకే హాలు వైరింగంతా" అన్నాడాయన. ఎదురు షాపువాడు అప్పటికే ఆయనకు వంగి వంగి నమస్కారాలు పెడుతున్నాడు. ఆ కంగారులో మనవాడు, "ఇది నాకు వెన్నతో పెట్టిన విద్య సార్" అనేశాడు.

డైనింగ్ టేబుల్ మీద పని మొదలైంది. బయట ముసురు. కాసేపటికి, షాపులో సాయంగా ఉండే బావమరిది టంకం కడ్డీ ఆనించి కిట్టులోని స్విచ్చును కాల్చేశాడు. ఆ వాసన పోకముందే కరెంటూ పోయింది. పట్టపగలే ఇల్లు నూతిలా అయిపోయింది.

యజమాని కింద నుంచి ఒక రేకు డబ్బా తెచ్చాడు. అమ్ముడుపోని సరుకును విప్పి అందులో పడేసి, ఖాళీ అట్టపెట్టెల్ని విడిగా అమ్ముకోవడం అతని పద్ధతి. పెట్టె పోయాక ఏది ఏమిటో ఆ సరుక్కే తెలియాలి.

"బావా, ఇదేం స్విచ్చు? నొక్కడానికి మీట కూడా లేదు."

"స్విచ్చంటే స్విచ్చే. తీగలు మెలిపెట్టు."

బ్యాటరీ తగిలిస్తే, వంతెన మీద పెట్టిన ఇంజన్ ముందు దీపం మాత్రం వెలిగింది. వంతెన కదల్లేదు. భార్యా, అత్తగారూ ఆ కాస్త వెలుతురు కోసం వచ్చి టేబుల్ చుట్టూ చేరారు.

"ఏమండీ, మీకసలు ఈ పని వచ్చా?" భార్య మెల్లగా అడిగింది.

"రాకపోవడమేంటి? ఇలాంటివి వంద కట్టాను!"

వంతెన కదిలింది. ఎవరూ ముట్టుకోలేదు. సన్నగా మూలుగుతూ తిరిగింది. దీపం వెలుగు గోడ మీద పాకి, గడియారాన్ని తడిమి, వచ్చి యజమాని ముఖం మీద ఆగింది.

"నేను స్క్రూలన్నీ బిగించాను బావా! ఒట్టు!" బావమరిది గావుకేక పెట్టాడు.

మళ్లీ మూలుగు. ఈసారి వెలుగు బావమరిది కళ్లలో ఆగింది. అతను జేబులోంచి ఒక స్క్రూ తీసి టేబుల్ మీద పెట్టి, "ఒకటి మిగిలింది" అని గొణిగాడు. వంతెన కదల్లేదు.

అత్తగారు గొంతు తగ్గించారు. "అబద్ధానికి తిరుగుతోంది, నిజానికి ఊరుకుంటోంది. ఆ డ్రైవరు ఇంజన్ కింద పూర్వం ఎవరు పడ్డారో ఏమో."

యజమాని ఇంజన్ వైపు ఓరగా చూశాడు. "మీరు కూర్చోండి అత్తయ్యా. అసలే మోకాళ్లు" అన్నాడు మెల్లగా.

"అబ్బా, చంపేస్తున్నాయి నాయనా!" అని ఆవిడ అలవాటుగా, గట్టిగా మూలిగారు.

వెలుగు నింపాదిగా వచ్చి ఆవిడ మీద కూర్చుంది. "నొప్పి ఎప్పుడో తగ్గింది" అన్నారు చివరికి, నేల చూస్తూ. "తగ్గిందంటే కూరలు తరగమంటారని."

ఇంతలో ఉరిమింది. ఎవరూ నోరు విప్పలేదు. అయినా వంతెన తిరిగి భార్య మీద ఆగింది.

"నువ్వేమీ అన్లేదుగా!" బావమరిది గుసగుసలాడాడు. "మనసులో ఏమనుకున్నావక్కా?"

భార్య ముఖం పాలిపోయింది. "మన షాపు మిక్సీ వారానికే కాలిపోయిందండీ. ఎదురు షాపులో కొత్తది కొని, మన పెట్టెలో పెట్టాను."

"ఎదురు షాపులోనా! ఆదివారం కూడా స్టాకు చూసుకుంటూ చస్తున్నానే నేను!"

వెలుగు తిరిగొచ్చి యజమానిని పట్టుకుంది. తప్పించుకుందామని పక్కకు వంగాడు గానీ, అవతల గోడ మీద పడ్డ తన నీడ మరీ పెద్దగా కనిపించి భయమేసింది. "షట్టరు దించుకుని పడుకుంటున్నాను" అన్నాడు.

ఇక బావమరిది ఎవరూ అడగకుండానే, ఎదురు షాపులో ఉద్యోగం మాట్లాడుకున్నానని చెప్పేశాడు.

అప్పుడే తలుపు దబదబలాడింది. వంతెన దానంతటదే తిరిగి వెలుగును తలుపు మీద నిలిపింది. తలుపు తెరుచుకుంది. ఆ వెలుగులో తడిసిన కోటుతో పెద్దాయన నిలబడి ఉన్నాడు. అత్తగారు కళ్లు మూసుకున్నారు.

"ఏమయ్యా, అయిందా?"

యజమాని గబగబా లెక్క వేశాడు. అబద్ధమాడితే ఇంజన్ పట్టిస్తుంది. నిజం చెబితే ఆర్డరు ఎదురు షాపుకి పోతుంది. ఆర్డరు పోతే ఇంకోటి వస్తుంది, ఇల్లు దయ్యాలపాలైతే అద్దెకు కూడా పోదు. దగ్గరికెళ్లి మెల్లగా నిజం చెప్పాడు.

"ఆఁ? ఇంజన్ల రొదలో చెవులు పోయాయయ్యా. గట్టిగా చెప్పు."

"ఇలాంటిది జన్మలో కట్టలేదు సార్! స్విచ్చు కాలిపోతే ఏదో పాతది తగిలించాను!"

వంతెన చక్కగా తిరిగింది. నిజానికి కూడా తిరిగింది! నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

పెద్దాయన వంగి, కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. ఒక చప్పట కొట్టాడు. తిరిగింది. "చప్పట్ల స్విచ్చు! ఈ వణికే చేతులతో బుల్లి మీటలు నొక్కలేక చస్తున్నాను. నా బాధ నీకెలా తెలిసిందయ్యా?"

అది తిరిగింది అబద్ధాలకు కాదు, పెద్ద చప్పుళ్లకనీ, ఎక్కడ ఆగినా ఎవరో ఒకరి మీద ఆగకతప్పనంత దగ్గరగా ఇంతసేపూ కూర్చున్నామనీ యజమానికి అప్పుడు తట్టింది. తేరుకోవడానికి అతనికి రెప్పపాటు కూడా పట్టలేదు. "మీ వయసు చూసే పెట్టాను సార్!" అన్నాడు, ఆయనకు వినపడేలా.

వంతెన తిరిగింది.

"మాటకు కూడా పలుకుతోందే!" అని పెద్దాయన మురిసిపోయి, హాలు వైరింగంతా నీదేనని చెప్పి, టర్న్‌టేబుల్‌ను చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

కరెంటు వచ్చింది. నలుగురూ వెలుతురులో ఒకరినొకరు చూసుకోలేక కాసేపు ఫ్యాను వంక చూశారు.

ఆదివారాలు కూరలు తరిగే వేళకు షట్టరు దించుకుని స్టాకు చూడ్డానికి ఇప్పుడు అత్తగారు కూడా వెంట వస్తున్నారు. మోకాళ్లు బాగానే ఉన్నాయి కదా.