చెరువంతా శ్రోతలే

ఆ ఉదయం బసవయ్య పెట్టుకున్న పని ఒక్కటే: చెరువు గట్టు మీద కూర్చుని, ఎవరూ వద్దనకుండా, తనివితీరా పాడుకోవడం. భవానీపురంలో ఉన్నన్నాళ్ళూ ఆయన గొంతు సవరించుకుంటే చాలు, పక్కింటి కిటికీలు మూతపడేవి. రిటైరయ్యాక హనుమాన్ జంక్షన్ దగ్గర చేపల చెరువు కౌలుకు తీసుకున్నది సగం చేపల కోసం, సగం పాట కోసం. ఏడాదిగా పెంచిన చేపల పట్టుబడి రేపే.

రాత్రంతా ఒకటే ఉక్క, ఆకు కదల్లేదు. పొద్దు పొడుస్తుండగా బసవయ్య కళ్ళు మూసుకుని మోహన రాగం ఎత్తుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి పాట గొంతులోనే ఆగిపోయింది. చెరువు నిండా చేపలే! వేల తలలు నీళ్ళపైకి వచ్చి, నోళ్ళు తెరుచుకుని ఆయనవైపే చూస్తున్నాయి. పాపం, ఆయనకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఒక్క మనిషీ వినని పాటకి ఇంతమంది శ్రోతలా!

వెంటనే భార్య రావమ్మకి ఫోన్ చేశాడు. "రావమ్మా, ఉన్నపళంగా రా! చేపలు నా పాట వింటున్నాయే!"

"పొద్దున్నే ఏమైందండీ మీకు?" అంటూనే రావమ్మ వీధిలో నలుగురిని వెంటేసుకుని వచ్చింది. చూసి, చేతులు జోడించింది. నలుగురు కాస్తా నలభైమందయ్యారు. ఒకావిడ కొబ్బరికాయ కొట్టింది. "ఆ నోళ్ళు చూడండి, వంత పాడుతున్నాయి!" అన్నారెవరో. బసవయ్య రెచ్చిపోయి పై స్థాయి అందుకున్నాడు. చేపలు ఇంకా పైకొచ్చాయి.

అంతలో పక్క చెరువు పేరయ్య లుంగీ ఎగ్గట్టుకుని పరుగున వచ్చాడు. "బసవయ్యగారూ, పాట ఆపండి! ఊపిరాడక చస్తున్నాయండీ అవి!"

"నా పాటకా?"

"గాలి లేక! సోడా వేడెక్కితే గ్యాసు పోయి చప్పబడిపోదూ? నీళ్ళూ అంతేనండీ, వేడెక్కితే గాలిని పట్టి ఉంచవు. ఉన్న కాస్తా రాత్రి నాచు పీల్చేసింది. కరెంటు లేదు, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు తిరగవు. దిగండి, నీళ్ళు చిలకండి!"

బసవయ్య నీళ్ళవైపు తిరిగాడు. ఏడాది కష్టం కళ్ళముందే కొట్టుకుంటోంది. పంచెతోనే దూకేశాడు. ఆయన వెనక రావమ్మ, ఆవిడ వెనక మిగతా జనం. చేతులతో, బకెట్లతో, హారతి పళ్ళేలతో బాదేశారు, నీళ్ళు నురగలెత్తిపోయాయి. కాసేపటికి ఒక్కో తలా మెల్లగా లోపలికి జారింది. "నీళ్ళలో గాలి కరుగుతుందా!" అంటూ బసవయ్య నడుంలోతులో నిలబడి దోసిట్లోకి చూస్తూ ఉండిపోయాడు. కంటికి కనబడనిది చేతిలోనే ఉందంటే ఆయనకి ఒళ్ళు గగుర్పొడిచింది.

మర్నాడు వలలవాళ్ళు వచ్చేలోగా, ఆశ చావక మళ్ళీ పాడాడు. ఒక్క చేపా తలెత్తలేదు.

"దేవుడి దయ, అన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి," అంది రావమ్మ.