అభ్యంతరాల గంట

"ఇకమీదట ఏ ప్రకటన చూసి గాని, ఏ నాటకం చూసి గాని ఒక్క పౌరుడి మనసు కూడా నొచ్చుకోదు. నొచ్చుకుంటే అర్ధరాత్రయినా సరే, నాకు ఫోన్ చేయండి" అని వినోద వ్యవహారాల మంత్రిగారు నిండుసభలో ప్రకటించారు. ఫోన్ నంబరు మాత్రం చెప్పలేదు. అంతటి పని ఒత్తిడిలో చిన్న వివరాలు జారిపోవడం సహజం.

మరుసటి వారమే హాస్య పరిశీలన సంఘం ఏర్పడింది. ముప్పై ఎనిమిదేళ్లు విద్యాశాఖలో మచ్చ లేకుండా పనిచేసి విరమించిన నన్ను వృద్ధుల మనోభావాల ప్రతినిధిగా నియమించారు. బట్టతల గలవారి తరఫున ఒక వకీలుగారు, అత్తగార్ల తరఫున ఒక మాజీ కౌన్సిలరుగారు తక్కిన సభ్యులు. శాఖ కార్యదర్శిగారు అధ్యక్షులు.

పాత ఫైళ్ల గది ఖాళీ చేయించి, గోడకు తెల్ల తెర కట్టి, మా ముగ్గురి ముందూ మూడు బల్లగంటలు పెట్టారు. ప్రకటన నడుస్తుండగా మనసు నొచ్చుకున్న సభ్యుడు గంట కొట్టాలి. కొట్టగానే బొమ్మ ఆగుతుంది. అభ్యంతరకరమైన భాగం తీసివేసి, మళ్లీ తీసుకురావాలి. ఇంతటి స్పష్టమైన పాలనావిధానాన్ని నా సర్వీసులో నేనెన్నడూ చూడలేదు.

మొదటి దరఖాస్తు ఒక గొడుగుల ప్రకటన. ఉద్యోగం మానేసి, రెండు కుర్చీల ఆఫీసు తెరుచుకున్న ఒక యువతి తీసినది. వానలు మొదలయ్యేలోగా అనుమతి రాకపోతే గొడుగుల కంపెనీ ఈ పని మరొకరికి ఇచ్చేస్తుందని, తన ఆఫీసు మూతపడుతుందని ఆమె దరఖాస్తులోనే వినయంగా మనవి చేసుకుంది.

దీపాలు ఆర్పారు. తెర మీద ఒక ముసలాయన గొడుగు కోసం ఇల్లంతా వెతుకుతున్నాడు. మంచం కింద, బీరువా వెనక, ఆఖరికి పిండిడబ్బాలో. వెతుకుతున్నంతసేపూ తెరిచిన గొడుగు ఆయన చేతిలోనే ఉంది. "పట్టుకున్న సంగతే గుర్తుండనంత తేలిక" అని చివర ఒక మాట.

ప్రొజెక్టర్ ఆపరేటరు ఫక్కున నవ్వాడు. నేను గంట కొట్టాను.

"సార్, ఆయన మా నాన్నగారేనండీ," అంది ఆ యువతి. "చూసుకుని తెగ నవ్వుకున్నారు."

"మీ నాన్నగారు సరదా మనిషి కావచ్చమ్మా. వృద్ధులందరి తరఫునా నవ్వే అధికారం ఆయనకెవరిచ్చారు?"

"మరి అందరి తరఫునా నొచ్చుకునే అధికారం మీకెవరిచ్చారండీ?"

"మంత్రిగారు," అన్నారు కార్యదర్శిగారు. "ఉత్తర్వుంది. కావాలంటే నకలు తీసుకోండి."

రెండో విడతలో నాన్నగారి స్థానంలో ఒక నడివయసు గుమాస్తా వచ్చాడు. అతని నెత్తిన వెంట్రుకలు లెక్కపెట్టగలిగినన్నే. వకీలుగారు గంట కొట్టారు.

"విగ్గు పెట్టిస్తానండీ."

"అంటే బట్టతల దాచుకోవాల్సిన విషయమనా మీ ఉద్దేశం?" అని వకీలుగారు మరోసారి కొట్టారు.

మూడో విడతలో గొడుగు వెతికేది ఒక ఇల్లాలు. "నీ చేతిలోనే ఉంది కదమ్మా" అని ఆప్యాయంగా చెప్పేది అత్తగారు. కౌన్సిలరుగారి గంట మోగింది.

"అత్తగారు మంచిగానే చెప్పిందిగా మేడమ్?"

"అదేగా. మంచి అత్తని చూస్తే జనం ఇంకా ఎక్కువ నవ్వుతారు."

నాలుగో విడతలో మనుషులెవరూ లేరు. ముప్పై సెకన్లపాటు ఒక నల్ల గొడుగు మూలన కదలకుండా నిలబడింది. ఎవరూ గంట కొట్టలేదు. ఆపరేటరు ఆవలించాడు. ప్రకటన ఉత్తమ ప్రమాణాలకు చేరిందని కార్యదర్శిగారు నమోదు చేశారు.

తొలి అనుమతిపత్రాన్ని స్వహస్తాలతో ఇవ్వడానికి మంత్రిగారు మా గదికే విచ్చేశారు. నొప్పించని హాస్యమెలా ఉండాలో ఇరవై నిమిషాలు ఉపదేశించి, ఉదాహరణ కోసం చుట్టూ చూశారు. చూపు నా మీద ఆగింది.

"ఈ పెద్దాయన్ని చూస్తుంటే మా పార్టీ ఆఫీసులో పాత ఫ్యాను గుర్తొస్తోందయ్యా. తిరగదు, గాలి రాదు, చప్పుడు మాత్రం ఆగదు. పీకేద్దామంటే పైకప్పు ఊడొస్తుందని వదిలేశాం."

ముందుగా కార్యదర్శిగారు నవ్వారు. వకీలుగారు పొట్ట పట్టుకున్నారు. కౌన్సిలరుగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేనూ నా వయసుకు తగినంత నవ్వాను.

ఆ యువతి నవ్వలేదు.

"ఏమ్మా, అర్థం కాలేదా?" అడిగారు మంత్రిగారు.

"అయిందండీ."

"మరి?"

"నవ్వు రాలేదండీ."

మంత్రిగారు అనుమతిపత్రాన్ని మళ్లీ పళ్లెంలో పెట్టేశారు. "నా మనసు చివుక్కుమంది" అని కార్యదర్శిగారితో మెల్లగా చెప్పి, కారెక్కి వెళ్లిపోయారు.

అప్పటికప్పుడు అత్యవసర సమావేశం జరిగింది. "చట్టం ముందు మంత్రిగారూ పౌరుడే. ఆయన మనసూ మనసే," అన్నారు కార్యదర్శిగారు. నవ్వకపోవడానికి కారణం లిఖితపూర్వకంగా తెలపాలని ఆ యువతిని కోరారు. ఆమె నిలబడే రాసిచ్చింది: 'పెద్దవాళ్లను ఎగతాళి చేస్తే నవ్వకూడదని ఈ సంఘమే మూడు నెలలుగా నాకు నేర్పింది.'

కార్యదర్శిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇది చిక్కే. దీన్ని తోసిపుచ్చాలంటే, మంత్రిగారి ఫ్యాను మాటకి వృద్ధులెవరూ నొచ్చుకోలేదని రికార్డులో ఉండాలి."

అందరూ నా వైపు చూశారు. ఆ యువతి కూడా చూసింది. కిటికీ అద్దం మీద తొలి చినుకులు పడుతున్నాయి.

"సార్," అంది. "మీరొక్కరు నొచ్చుకున్నానంటే నా పని గట్టెక్కుతుంది. నిజం చెప్పండి, మీకు బాధ కలగలేదా?"

నేను కలం మూత తీశాను. 'వృద్ధుల మనోభావాలకు ఎట్టి భంగమూ వాటిల్లలేదు' అని ఒక్క కొట్టివేత కూడా లేకుండా రాసి సంతకం చేశాను. ఆమె గొడుగు ఫైలును 'తిరస్కృతి' కట్టలో చేర్చారు. ఆమె తన రీలు తీసుకుని, మా అందరికీ నమస్కారం పెట్టి, వానలోకి వెళ్లిపోయింది.

"ఇంకొక్క సంతకమండీ," అన్నారు కార్యదర్శిగారు, మరో కాగితం నా ముందుకు జరుపుతూ. "ఆ ఫ్యాను మాట బాగా పేలిందట. ఇకనుంచి ప్రతి సభలోనూ వాడుకుంటానంటున్నారు మంత్రిగారు. మీ సమ్మతి కావాలి."

"ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగాను.