మంత్రిగారు తీసిన మూత

దేశ ఇంధన చరిత్రలో కొత్త అధ్యాయం మొదలైందని మంత్రిగారు ప్రకటించిన రోజునే ఐసక్క పికప్ ట్యాంకు మూత పోయింది. ఈ రెండింటిలో మొదటిది మాత్రమే పేపర్లలో వచ్చింది.

ఐసు ఫ్యాక్టరీ నుంచి చేపల మార్కెట్‌కు దిమ్మలు తోలుతుంది కాబట్టి ఆమె ఊరందరికీ ఐసక్క. బండి భర్తది. అతను పోయి ఇంకా ఏడాది తిరగలేదు. బతికున్నన్నాళ్లూ అతనికి ఒకటే బెంగ, ఎవడో పైపు పెట్టి పెట్రోలు లాగేస్తాడని. పాత ఇనుము కొట్లన్నీ తిరిగి, తాళం పడే మూత ఒకటి తెచ్చి బిగించాడు. తాళంచెవి ఏ వైపు తిప్పాలో భార్యకు గుర్తుండదని, మూత అంచున ఆకురాయితో చిన్న గాటు కూడా పెట్టాడు. ఆ మోడల్ బండికి మూతలు తయారు చేయడం కంపెనీ ఎప్పుడో మానేసింది. తాళంచెవి మాత్రం ఐసక్క బొడ్లోనే ఉంటుంది.

నూటికి ఎనభై అయిదు పాళ్లు ఇథనాల్ కలిపిన 'హరితధార'తో నడిచే తొలి పికప్‌గా ఆమె బండిని ఎంపిక చేసింది సాంకేతిక కమిటీ. కమిటీ అన్ని కోణాల్లోనూ లోతుగా పరిశీలించింది. బండి అప్పటికే ఆకుపచ్చగా ఉంది. రంగు వేయించే పని లేదు.

"ఇది పాత ఇంజినండీ. పడుతుందంటారా?" అని ఐసక్క ఇంధన శాఖ అధికారిని అడిగింది.

"ఇంజిను సంగతి ఇంజిను చూసుకుంటుందమ్మా. మీరు మాత్రం ఆకుపచ్చ చీర కట్టుకురండి."

"వద్దంటే?"

"వద్దనొచ్చు. మనది స్వచ్ఛంద పథకం. మార్కెట్ గేటు పాసు మాత్రం రెన్యువల్ కాదు."

గేటు పాసు లేకపోతే ఐసు లేదు. ఐసు లేకపోతే ఇంట్లో పొయ్యి లేదు. ఐసక్క స్వచ్ఛందంగా ఒప్పుకుంది.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. ఐసక్క ఇచ్చిన తాళంచెవితో మంత్రిగారు స్వహస్తాలతో తాళం తిప్పి, మూత తీసి, ఫొటోల కోసం ట్రోఫీలా పైకెత్తి పట్టుకున్నారు. తర్వాత చూడకుండానే దాన్ని పక్కకు చాచారు. పెద్దవాళ్ల చేయి పక్కకు చాస్తే అందుకోవడానికి అక్కడొక చేయి ఉంటుంది. పీఏ అందుకున్నాడు. పీఏ అధికారికిచ్చాడు. అధికారి, చప్పట్లు కొట్టాలి కాబట్టి, యువనాయకుడికిచ్చాడు. యువనాయకుడు దండ వేయాలి కాబట్టి ఇంకెవరికో ఇచ్చాడు. అలా ఆ మూత ప్రజాజీవితంలో కలిసిపోయింది.

మంత్రిగారు డబ్బాతో హరితధార పోశారు. సారా లాంటి ఆ వాసన పట్టి ముందు వరసలోని కార్యకర్తలు మరో రెండడుగులు ముందుకు జరిగారు.

"ఇకనుంచి మన బండ్లు మన పొలంలో పండిన ఇంధనమే తాగుతాయి!" అన్నారు మంత్రిగారు.

జనంలోంచి ఒక ఆడగొంతు వినిపించింది. "మనిషి తాగి నడిపితే జైలు, బండి తాగి నడిస్తే సన్మానం!"

అది మార్కెట్‌లో చేపలమ్మ గొంతు. పేపర్లు దాన్ని ప్రజల హర్షధ్వానంగా రాశాయి.

అందరూ వెళ్లాక ఐసక్క వేదిక కింద, దండల కింద, కుర్చీల కింద వెతికింది. తాళంచెవి దొరికింది. మూత దొరకలేదు.

ఇంటికొచ్చి చెబితే అత్తగారు ముఖం తిప్పుకుంది. "నా కొడుకు ఇన్నేళ్లూ దొంగల నుంచి కాపాడాడే దాన్ని," అంది. "పట్టపగలు అందరూ చూస్తుండగా అడిగి తీసుకెళ్లేవాళ్లుంటారని వాడికేం తెలుసు, పిచ్చివెధవ."

ఐసక్క ప్లాస్టిక్ కవరు కప్పి రబ్బరు బ్యాండు వేసింది. హరితధార ఆవిరికి బ్యాండు బంకలా సాగి ఊడిపోయింది. గుడ్డ కుక్కింది. దిమ్మలు కరిగిన నీళ్లు తొట్టి పక్కనుంచి జారి సరిగ్గా ఆ గుడ్డ మీదే పడేవి. బండి మొదట దగ్గింది, తర్వాత ఎక్కిళ్లు పెట్టింది. ఆఖరికి నిండా ఐసుతో, మార్కెట్ గేటు ఎదురుగానే ఆగిపోయింది.

"ఏమే ఐసక్కా, మీ ఆయన ఏనాడూ చుక్క ముట్టలేదు కదే! బండి చూడు, తాగి నడిరోడ్డు మీద పడిపోయింది," అంటూనే చేపలమ్మ నడుం బిగించి వెనక నుంచి తోసింది. మిగతావాళ్లూ వచ్చి చేయి వేశారు. బండి కదిలింది కానీ ఇంజిను కదల్లేదు. అప్పటికి దిమ్మలు సగమయ్యాయి. చేపలు ఎవరి కోసమూ ఆగవు. రెండో పూటకి మార్కెట్‌కు వేరే బండి ఐసు తెచ్చింది.

ఐసక్క ఇంధన శాఖ ఆఫీసుకు వెళ్లింది. అధికారి ఆమెను ఆదరంగా కూర్చోబెట్టాడు.

"ఇథనాల్ నీటిని ఇట్టే పీల్చేస్తుందమ్మా. నీళ్లు ఎక్కువైతే అవి రెండూ కలిసి అడుక్కి చేరతాయి, పెట్రోలు పైన తేలుతుంది. అడుగున్నది ఇంజినులోకి పోతుంది, బండి ఆగుతుంది. అందుకే ట్యాంకు మూత గట్టిగా పెట్టుకోవాలని మా మార్గదర్శకాల్లో మొట్టమొదటి సూచన. మీరెందుకు పెట్టుకోలేదు?"

"మంత్రిగారు తీసుకెళ్లారండీ."

అధికారి లేచి తలుపు వేసి వచ్చాడు.

"అలా అనకూడదు. అలా అంటే మంత్రిగారు మూత పోగొట్టారని అర్థం వస్తుంది. మంత్రిగారు ఏదీ పోగొట్టరు. మొన్న ఎన్నికల్లో అంతా పోతుందనుకున్నా, డిపాజిట్ కూడా పోగొట్టుకోలేదు."

"పోనీ వేరే మూత ఏదైనా చేయించి పెట్టుకోనా?"

"ప్రదర్శన వాహనం కదా. ఆమోదం లేని భాగం బిగించకూడదు."

"అయితే ట్యాంకు కడిగించి మళ్లీ పెట్రోలుకే మారతానండీ."

"హరితధార స్టిక్కరు అంటించిన బండికి బంకులో పెట్రోలు పోయరు."

"మరి నన్నేం చేయమంటారు?"

"ఏమీ చేయకండి. ఇప్పటివరకు పథకానికి మీవల్ల ఏ ఇబ్బందీ లేదు," అన్నాడు అధికారి మెచ్చుకోలుగా.

ఆ మాట ఉత్త మర్యాదకు అన్నది కాదని కొన్నాళ్లకు తెలిసింది. పథకం ఫలితాలు కొలవడానికి ఒక బృందం వచ్చింది. పొగ గొట్టంలో యంత్రం పెట్టి చూశారు. మళ్లీ చూశారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పొగ సున్నా. శబ్దం సున్నా. ఇంధన ఖర్చు సున్నా. పథకంలోని బండ్లన్నిటిలోకీ ఇంత గొప్ప ఫలితం ఇచ్చింది మరొకటి లేదు.

"బండి ఆగిపోయిందండీ," అంది ఐసక్క.

"అది మా పరిధిలోకి రాదు," అంది బృందం.

ఆ తర్వాత జరిగిన సభలో మంత్రిగారు కాలుష్యరహిత రవాణాకు ఐసక్కను ప్రతీకగా ప్రకటించారు. అత్తగారు కూడా వచ్చింది. చేపలమ్మ ముందు వరసలో కూర్చుంది. పచ్చ మఖమలు గుడ్డ కప్పిన జ్ఞాపికను పీఏ తెచ్చాడు. మంత్రిగారు గుడ్డ తీశారు.

నున్నటి చెక్క పీట. దాని నడుమ బంగారు పూతతో మెరిసిపోతూ గుండ్రంగా ఒక మూత. కింద ఇత్తడి రేకు మీద, 'మంత్రివర్యుల అమృతహస్తం తెరిచిన తొలి మూత' అని ఉంది.

ఐసక్క దాన్ని చేతిలోకి తీసుకుని అంచు చుట్టూ వేలు తిప్పింది. ఒకచోట వేలు ఆగింది. పూత కిందనుంచే గాటు తగిలింది.

"సార్," అంది నెమ్మదిగా. "ఇది నా మూత."

"మీదే తల్లీ! మీకే ఇచ్చాం!" అన్నారు మంత్రిగారు మైకులో. సభ చప్పట్లతో దద్దరిల్లింది.

"బండికి పెట్టుకుంటానండీ."

అధికారి పక్కకు వంగి, పెదాల మీద నవ్వు చెదరనీయకుండా చెవిలో చెప్పాడు. "పీట నుంచి పీకకండి. అది ప్రభుత్వ జ్ఞాపిక. పీకితే కేసవుతుంది."

ఫొటోలో ఐసక్క కళ్లు చెమర్చి ఉన్నాయి. పేపర్లు ఆనందబాష్పాలని రాశాయి.

ఇంట్లో అత్తగారు జ్ఞాపికను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. కోడలి దగ్గర తాళంచెవి తీసుకుని గాటుకు ఎదురుగా పెట్టి చూసింది. తాళం కన్నం పూతతో పూడిపోయింది. చెవి దిగలేదు.

"నీళ్లు ఇంకా పడుతున్నాయా ట్యాంకులో?" అని అడిగింది.

"ఐసు తోలితే కదా అత్తయ్యా, నీళ్లు పడడానికి."

అత్తగారు పీటను భర్తదీ కొడుకుదీ ఫొటోల పక్కన అరలో పెట్టి, తాళంచెవిని తిరిగి కోడలి చేతికిచ్చింది.

బండి గేటు ఎదురుగానే ఉంది. ట్యాంకుకు మూత ఇంకా పెట్టలేదు.