నీలిచారల తేనెటీగ, మగ

అడవి తేనెటీగలన్నిటికీ ఫొటో గుర్తింపు కార్డు ఉండాలని ఉత్తర్వు వచ్చిన మూడో వారానికల్లా, తేనెటీగలు పొద్దున తొమ్మిదిన్నరకే మండల కార్యాలయం ముందున్న బంతిమొక్కల మీద వరస కట్టడం మొదలుపెట్టాయి. కార్డు లేకుండా ఏ పువ్వు మీదా వాలకూడదన్నది నిబంధన. దాన్ని అవి మనుషుల కంటే బుద్ధిగా పాటించాయి. వరస తప్పి ముందుకెళ్ళబోయిన ఒక గండుతుమ్మెదని మిగతావే వెనక్కి పంపించాయని వాచ్‌మన్ చెప్పాడు. అందులో ఎవరికీ వింత కనిపించలేదు.

ఫొటోలు తీసే పని కోటిరత్నానిది. పాతికేళ్ళు బస్టాండు పక్కన స్టూడియో నడిపి, పాస్‌పోర్టు సైజు ఫొటోలకి పేరు తెచ్చుకున్న మనిషి. సెల్‌ఫోన్లొచ్చి స్టూడియో మూతపడ్డాక ఈ కాంట్రాక్టు ఉద్యోగంలో చేరింది. పువ్వుకి జానెడు దూరంలో మోకాళ్ళ మీద కూచుని ముఖం, వీపు, రెక్క మూడూ తీసేది. మీసాలు కాస్త పైకి అంటే తేనెటీగ మీసాలు ఎత్తేది. పుప్పొడి తుడుచుకో అంటే తుడుచుకునేది. పెళ్ళిచూపుల ఫొటోకి వచ్చిన పిల్లలు కూడా ఇంత మాట వినలేదని ఆమెకి లోలోపల ఒకటే సంబరం.

ఫొటోని గుర్తింపు యంత్రానికి చూపిస్తే అది పేరు చెబుతుంది, సూపరింటెండెంటు పైడిరాజు ముద్ర కొడతాడు. గండుతుమ్మెదలకి జిల్లేడు, ఆకులు కత్తిరించే రకానికి కందిపూలు కేటాయించారు. అంతా సాఫీగా సాగుతుండగా నీలిచారల తేనెటీగలు వచ్చాయి, రెండొందల పద్నాలుగు. మొదటిదాన్ని చూసి యంత్రం "చొక్కా గుండీ" అంది.

కోటిరత్నం వెలుతురు మార్చి మళ్ళీ తీసింది. గుండీ. తులసి వెన్ను మీద కూచోబెట్టి తీసింది. గుండీ. ఏడో ఫొటోకి యంత్రం మరింత ధీమాగా "నాలుగు రంధ్రాల గుండీ" అని చెప్పింది.

పైడిరాజు చెడ్డవాడు కాదు. గుండీకి పువ్వు కేటాయించే అధికారం తనకి లేదని నెమ్మదిగా వివరించాడు. అనుమానం ఉన్నదాన్ని సూదికి గుచ్చి పైఆఫీసుకి పంపే వీలుందని, చచ్చాక గుర్తింపు తప్పకుండా వస్తుందని కూడా చెప్పాడు. తేనెటీగలు ఆ సౌకర్యం వద్దనుకున్నాయి.

దెబ్బ తగిలింది లోవరాజు అనే రైతుకి. అతని రెండెకరాల వంగతోట నిండు పూత మీద ఉంది. వంగపువ్వు పుప్పొడిని లోపలే దాచుకుంటుంది. నీలిచారల తేనెటీగ దాన్ని వాటేసుకుని ఝుమ్మని ఊపితేనే రాలుతుంది. ఆ తోటకి వచ్చే మిగతావాటికి ఆ విద్య రాదు. పదిరోజులుగా పూలు పిందె కట్టకుండా రాలిపోతుంటే, పూసిన మొక్కనొకదాన్ని డబ్బాలో పెట్టుకుని ఆఫీసుకి వచ్చాడు.

మీరు గుండీలంటున్నవి చేసే పని ఇదీ అని చూపించడానికి, ఒక పువ్వుకి పెదాలు ఆనించి, కళ్ళు మూసుకుని ఝుమ్మన్నాడు. పసుప్పచ్చటి పొడి అతని మీసాల మీద రాలింది. అలవాటు కొద్దీ కోటిరత్నం వేలు కెమెరా మీట నొక్కేసింది. యంత్రం ఎప్పుడూ లేనంత తొందరగా జవాబిచ్చింది: నీలిచారల తేనెటీగ, మగ, తొంభై ఎనిమిది శాతం. కార్డు బయటికి వచ్చేసింది.

పొరపాటైందని, వెంటనే రద్దు చెయ్యమని ఆమె అంది. రద్దు కావాలంటే సదరు తేనెటీగే అర్జీ పెట్టుకోవాలన్నాడు పైడిరాజు. ఇద్దరూ లోవరాజు వైపు చూశారు. అతను కార్డుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"మనిషినని ఆరేళ్ళుగా బియ్యం కోసం వేలిముద్ర వేస్తున్నానండి. మట్టిలో అరిగిన వేళ్ళు, ఒక్కసారీ పడలేదు. తేనెటీగనని నేను అడగనైనా లేదు, ఇచ్చేశారు. దీన్ని తీసెయ్యకండమ్మా."

ఆమె తీసెయ్యలేదు. కిటికీ ఊచల మీద దిగాలుగా కూచున్న నీలిచారల గుంపుని చూసి, పైడిరాజుని ఒక సందేహం అడిగింది. గుర్తింపు ఉన్న తేనెటీగ చొక్కాకి గుండీలు ఉండొచ్చా? ఆయన మాన్యువల్ మొదటినుంచి చివరిదాకా తిరగేసి, నిషేధం ఎక్కడా లేదన్నాడు. ఆ తేనెటీగలు లేచి లోవరాజు మెడ నుంచి నడుము దాకా, చేతుల మీదా జేబు మీదా గుండీల్లా వాలాయి. చోటు దొరకనివి తలపాగా పట్టుకున్నాయి. అతను ఝుమ్మంటూ వీధిలో నడుస్తుంటే ఊరంతా నవ్వుకుంటూ వెంటపడింది. కోటిరత్నం కూడా ఆఫీసు తాళాలు అక్కడే మరిచిపోయి వెంట నడిచింది. తోట చేరగానే గుండీలన్నీ ఒక్కసారే ఊడిపోయాయి. వారం తిరక్కుండా పిందె పడింది.

నెల తరవాత ఆమెని పరిశీలనకి పంపారు. సాయంత్రం, ఇంకా వెలుతురుండగానే వెళ్ళింది. ఆ జాతి మగవి సాయంత్రం కాగానే పుల్లని కరిచిపట్టుకుని ఆరుబయటే నిద్రపోవాలని కార్డు వెనక షరతు ఉంది. లోవరాజు గట్టుమీద ఒక కందికట్టెని పళ్ళతో పట్టుకుని, చేతులు వదిలేసి, నిద్రపోతున్నాడు. బాగా సన్నబడ్డాడు. మొహం మాత్రం ప్రశాంతంగా ఉంది. షరతు సక్రమంగా అమలవుతోందని ఆమె రాసుకుంది.

లోవరాజు భార్య సత్తెమ్మ మంచినీళ్ళిచ్చింది. తేనెటీగ అయ్యాడు గనక ఆయన పేరు బియ్యం కార్డులోంచి తీసేశారని చెప్పింది. పేరున్న రోజుల్లోనూ బియ్యం రాలేదు గనక పెద్ద తేడా తెలియలేదంది. ఆడ తేనెటీగలకి పింఛనేమన్నా ఉందా అని అడిగింది.

లేదని కోటిరత్నం ఉన్నమాట చెప్పింది. వేలిముద్ర కూడా అడగరంది.

సత్తెమ్మ తన వేళ్ళ వైపు చూసుకుంది. లోపలికెళ్ళి మొహం కడుక్కుని, తల దువ్వుకుని వచ్చి, పూసిన వంగమొక్క పక్కన నిలబడింది.

"ఎటు చూడమంటారు?" అంది.