వంకర మూత కెటిల్

ఆ రోజు ఆ భార్యాభర్తలు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే కారెక్కాలి, మధ్యాహ్నానికల్లా రోడ్డు పక్కనున్న ఇంటెత్తు సిమెంటు కెటిల్‌ని చూసి తిరిగి రావాలి. రోడ్డు వెడల్పు కోసం దాన్ని ఆ రోజే పడగొడుతున్నారు. దాని మూత కట్టిన తాపీమేస్త్రీ భార్య తండ్రి. మూత వంకరగా వచ్చిందని దారినపోయేవాళ్లంతా నవ్వేవారు. తండ్రి పోయాక ఆవిడకి ఆ వంకరే మిగిలింది.

భర్తకి కళ్లజోళ్ల దుకాణం ఉంది, అంతకు మించి డబ్బాల పిచ్చి ఉంది. ఎవరో ఎక్కడో దాచిన డబ్బాని ఫోన్‌లో గుర్తులు చూసుకుంటూ వెతికి పట్టుకోవాలి, అందులోంచి ఒక వస్తువు తీసుకుని బదులుగా ఇంకొకటి పెట్టాలి. అదీ ఆట. దారిలో నిలువెత్తు ఇనుప కోడిపెట్ట కనబడగానే ఆయన కాలు బ్రేకు మీద పడింది.

"ఒక్క డబ్బా. ఐదు నిమిషాలు," అన్నాడు.

"మీ ఐదు నిమిషాలు నాకు పెళ్లయినప్పట్నుంచీ తెలుసు," అంది ఆవిడ.

కోడి కాళ్ల సందులో డబ్బా దొరికింది. ఫోటోకి చేతులు ఖాళీ కావాలని కారు తాళంచెవి అందులో పడేసి, ఫోటో తీసి, మూత బిగించి, ఎప్పటిలాగే దాచేసి ఆయన ఎదురుగా టీ తాగడానికి వెళ్లాడు. తిరిగొచ్చి జేబులు తడుముకుని, పరుగున వెళ్లి డబ్బా తెరిస్తే అందులో తాళంచెవికి బదులు ప్లాస్టిక్ కప్ప ఉంది. దాన్ని జేబులో వేసుకున్నాడు. తాళంచెవిని పెద్ద బూటు బొమ్మ దగ్గరి డబ్బాలో పెడతామని, తీసుకున్నవాళ్లెవరో ఫోన్‌లో ఆ ఆట పేజీలో సంబరంగా రాశారు. అది తన కారుదని ఈయన మొత్తుకుంటే, కథ భలే అల్లారని మెచ్చుకున్నారు.

పాలవ్యాను డ్రైవరు కాళ్లావేళ్లా పడి ఇద్దరూ ఎక్కారు. వ్యాను కొట్టుకొట్టుకీ ఆగింది. బూటు దగ్గర డబ్బాలో విజిల్ ఉంది, తాళంచెవి లేదు. దాన్ని కెటిల్ దగ్గరి డబ్బాలో పెట్టడానికి పట్టుకెళ్తున్నామని ఇంకెవరో ఫోన్‌లో రాశారు. ఎలాగూ మనం వెళ్లేది అటేగా అన్నాడు భర్త.

వాళ్లు వెళ్లేసరికి సిమెంటు కుప్ప పక్కన బుల్‌డోజరు డ్రైవరు చేతులు కడుక్కుంటున్నాడు. డబ్బా నలిగిపోకుండా ముందే తీసి పెట్టానంటూ చేతికిచ్చాడు. తాళంచెవి భద్రంగా ఉంది. కారే ఎక్కడో కోడి దగ్గర ఉంది.

"ఎప్పుడు పడింది బాబూ?" అని అడిగింది ఆవిడ.

"కెటిల్ మధ్యాహ్నమే పడిపోయిందమ్మా. ఆ వంకర మూత మాత్రం ఎవరు కట్టారోగానీ ఎంతకీ పగల్లేదు. ఇప్పుడే పగిలింది, ఓ ఐదు నిమిషాలైంది."

తనదే తప్పని భర్త ఒప్పుకున్నాడు. ఆవిడ వంగి, మూత ముక్క ఒకటి ఏరి, పైట చెంగుతో దుమ్ము తుడిచి సంచిలో వేసుకుంది.

ఒకటి తీస్తే బదులొకటి పెట్టాలన్నది నియమం; ఆయన దగ్గర కప్ప తప్ప ఏమీ లేదు.