కోదాడలో అయితే బతికేదే

ఆ జూన్ సోమవారం పొద్దున రామనర్సయ్య అనుకున్నవి మూడే పనులు. తొలి బస్సుకు మిర్యాలగూడ పోవాలి. అక్కడి ఇంగ్లీషు మీడియం స్కూలు ప్రిన్సిపాలుకు గ్రామరు పుస్తకం చూపించి ఎనిమిదో తరగతికి పెట్టించాలి. మధ్యాహ్నం అన్నం వేళకు సూర్యాపేట తిరిగొచ్చి దుకాణం తెరవాలి. ఇందులో తికమక పడటానికి ఏమీ లేదు. అయినా పడ్డాడు.

సూర్యాపేట బస్టాండు వెనక అతనికి పంతొమ్మిదేళ్ళుగా పుస్తకాల దుకాణం ఉంది. 1988లో ఒకసారి, 89లో ఒకసారి సిలబస్ మారి, తెప్పించిన సరుకంతా మిర్చిబజ్జీల బండి పాలయింది. మూడో ఏడు కూడా ఇలాగే జరిగితే దుకాణానికి తాళం వేసి, నేరేడుచర్లలో బామ్మర్ది కొండల్ నడిపే రైసుమిల్లులో గుమస్తాగా చేరతానని ఇంట్లో మాట ఇచ్చాడు. ఇచ్చాడే గానీ, తన పెళ్ళిలో లాగు జారిపోతూ తిరిగిన కొండల్ ముందు చేతులు కట్టుకుని నిలబడటం తలచుకుంటే అతనికి ముద్ద దిగడం లేదు. భార్య ఉప్పలమ్మకు ఆ బాధ లేదు.

"బియ్యానికి సిలబస్ మారదు. ఎన్నడు వండినా అదే అన్నం," అనేది ఆమె.

అంతకు రెండు రోజుల ముందు మద్రాసు నుంచి తూకానికి కొన్న పాత పుస్తకాల బేలు వచ్చింది. అందులో లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటే నలభై కాపీలున్నాయి. అట్ట మీద రెక్కలున్న పాము నోటివెంట మంటలు కక్కుతోంది. ప్రతి పుస్తకంతో పాటు ఒక చిన్న గుడ్డసంచి, అందులో రంగురంగుల పాచికలు. ఒక పాచికకు నాలుగు ముఖాలుంటే ఇంకోదానికి ఏకంగా ఇరవై. రామనర్సయ్య ఆ పుస్తకాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ఏమీ అర్థం కాక పక్కన పడేశాడు. అచ్చయిన దేశంలో దానికి రెండో ఎడిషన్ రావడంతో మొదటిదాన్ని ఓడెక్కించి వదిలించుకున్నారని అతనికి చాలా రోజుల తర్వాత గానీ తెలియలేదు.

సోమవారం అతను స్నానం చేస్తుండగా ఉప్పలమ్మ బడిలో చూపించాల్సిన స్పెసిమెన్ కాపీని పేపర్లో చుట్టి సంచిలో పెట్టింది. చుట్టింది గ్రామరును కాదు, పాము పుస్తకాన్ని. ఇందులో ఆమెను అనడానికి లేదు. స్పెసిమెన్ కాపీని ఏ బడిలోనూ ఎవరూ చదవరని, చేతిలోకి తీసుకుని బరువు చూస్తారని, బైండింగు చూస్తారని పంతొమ్మిదేళ్ళుగా చెబుతున్నది రామనర్సయ్యే. ఆమె బల్ల మీదున్న వాటిలో అన్నిటికంటే బరువైనది ఎంచింది.

ప్రిన్సిపాల్ శంకర్ నాయక్ టేబుల్ మీద పేపరు విప్పగానే పాము బయటపడింది. రామనర్సయ్య దాన్ని వెనక్కి తీసుకోబోయాడు. ప్రిన్సిపాల్ అప్పటికే కాగితాన్ని వేళ్ళతో నలిపి చూస్తున్నాడు.

"కాగితం మంచిగున్నది సేటు. టేబుళ్ళు మస్తుగున్నయ్. లెక్కలకు గూడ పనికొస్తది."

"సార్, అసలు సంగతేందంటే..."

"అది గాదు. ఇంకెవరు పెట్టిండ్రు దీన్ని?"

ఏ పుస్తకాన్నైనా ప్రతి బడివాళ్ళూ అడిగేది ఈ ప్రశ్నే. మొదట పెట్టే బడి తమది కాకూడదని అందరి పట్టుదల. ఎవరూ పెట్టలేదంటే పుస్తకం పోయినట్టే, పుస్తకం పోతే దుకాణం పోయినట్టే. రామనర్సయ్య కళ్ళ ముందు వడ్ల బస్తాలు వరసగా నిలబడ్డాయి.

"కోదాడ సార్," అన్నాడు.

"అయితే ఇరవై పంపు," అని శంకర్ నాయక్ సంతకం పెట్టేశాడు.

అన్న మాట నిజం కావాలి కాబట్టి రామనర్సయ్య సూర్యాపేట బస్సు వదిలి కోదాడ బస్సెక్కాడు. దారిలో నేరేడుచర్ల వచ్చినప్పుడు, మిల్లు ముందు నిలబడ్డ కొండల్ కంట పడకుండా చెప్పు సర్దుకునే నెపంతో సీటు కిందికి వంగి, హుజూర్‌నగర్ దాకా అలాగే ఉన్నాడు.

కోదాడ స్కూలు కరస్పాండెంట్ భాస్కరరావుది కృష్ణా జిల్లా వైపు. పుస్తకాన్ని అరచేతిలో తూచినట్టు ఆడించాడు.

"ఎవరెవరు పెట్టారండీ?"

"మిర్యాలగూడ సార్. పొద్దుగాలనే సంతకమైంది."

"వాళ్ళు పెట్టేశారా? మరి మాకెందుకు చెప్పలేదు?"

"ఇప్పుడు సెప్తున్న గద సార్."

"సరే, మాకూ ఓ ఇరవై పంపించండి."

ఒక్క పూటలో నలభై కాపీలూ పోయాయి. రామనర్సయ్యకు సంతోషం వేసింది, భయమూ వేసింది. ఏది ఎక్కువో తేల్చుకోలేక ఆ పూట రెండుసార్లు అన్నం తిన్నాడు.

ఆ ఊళ్ళన్నిటిలో పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది ఒక్క కమ్లి టీచర్. మిర్యాలగూడలో ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు ఆమెదే. చదివి, సందేహంగా ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది.

"సార్, ఇది పాఠాల పుస్తకం గాదు. ఆట. ఒకరు కత సెప్తరు, తక్కినోళ్ళు ఆ కతల ఒక్కొక్క మనిషైతరు. నేను గిట్ల చేస్త అని సెప్పి పాచిక ఏస్తరు. అయ్యిందా లేదా పాచికే చెప్తది."

శంకర్ నాయక్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. సంతకం పెట్టిన పుస్తకం చదవలేదని టీచరుతో చెప్పుకోలేడు.

"నాకు తెల్వదా అమ్మా? సిలబస్‌ల ఆట ఉంటే ఆడిపియ్. ఏదీ ఇడువొద్దు," అన్నాడు గంభీరంగా.

టీచరమ్మ ఆడించింది. పిల్లలు రోజూ వేళకు ముందే బడికి రావడం మొదలుపెట్టారు. తండ్రులూ వచ్చారు. కూతురికి మంచి మార్కులొస్తుంటే బడిలో దొంగను చేశారేమిటని ఒకాయన అడిగాడు. తన కొడుకు పూజారి అయ్యాడని, తమ ఇంట్లో ఆ అలవాటు లేదని ఇంకొకాయన చెప్పుకున్నాడు. ప్రిన్సిపాల్ అందరికీ ఇది కొత్త పద్ధతి అని చెప్పి పంపాడు.

మరుసటి గురువారం త్రిపురారం దగ్గరి తండా నుంచి ఎనిమిదో తరగతి పిల్ల తండ్రి దీప్లా వచ్చాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సార్, మా తార మంగళారం సచ్చిపోయింది."

శంకర్ నాయక్ కుర్చీలోంచి లేచాడు. "అయ్యో, ఎట్ల?"

"గుహల. రాక్షసుడు గదతోని కొట్టిండట. రెండొద్దులాయె, అన్నం సక్కగ తింటలేదు."

"ఎవరు?"

"తారనే సార్. బడికి పొమ్మంటే పోనంటది. సచ్చినోళ్ళకు హాజరెట్ల ఏస్తరు అంటది."

ప్రిన్సిపాల్ మళ్ళీ కూర్చున్నాడు. దీప్లా అసలు ఫిర్యాదు అప్పటికింకా మొదలే కాలేదు. అతని తమ్ముడి కూతురు కోదాడ బడిలోనే చదువుతోంది. భాస్కరరావు బంధువు ఒకాయన మద్రాసు నుంచి అదే పుస్తకం రెండో ఎడిషన్ తెచ్చి ఇచ్చాడట. అక్కడ దాని ప్రకారం నడుస్తోందట.

"అదే దెబ్బ కోదాడల తాకితే సావరట సార్. సొమ్మసిల్లుతరట. పట్టీ కడ్తే లేస్తరట. కోదాడల బతికే పిల్ల మన బడిల ఎందుకు సావాలె?"

శంకర్ నాయక్ పాతికేళ్ళ సర్వీసులో ఇలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు. సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట, మిర్యాలగూడలో పాత సిలబస్ చెబుతున్నారని. కోదాడలోనూ తల్లిదండ్రులు గేటు దగ్గర చేరారు. బడిలో కొత్తది ఒకటే ఉంది, పిల్లల చేతుల్లో ఉన్నవి ఇరవయ్యీ పాతవే.

మర్నాడు నేరేడుచర్ల మీదుగా వచ్చిన బస్సు డ్రైవరు చేత రామనర్సయ్యకు చీటీ అందింది. భాస్కరరావు రాత. "మా రెండు బడులకూ పాత సిలబస్ అంటగట్టారు. శనివారం మిర్యాలగూడ స్కూలుకు రండి. పుస్తకాలన్నీ వాపసు." మడతపెట్టని ఆ చీటీని డ్రైవరు దారిపొడుగునా చదివి వినిపించినట్టున్నాడు. శనివారం రామనర్సయ్య ఎక్కిన బస్సు నేరేడుచర్ల మీదుగా పోకపోయినా, స్కూలు గేటు దగ్గర కొండల్ అతని కోసం చేతిలో కొత్త తాళంతో నిలబడి ఉన్నాడు.

"పరేషాన్ గాకు బావా. లోపల మాట ఖతం జేసుకొనిరా. ఇద్దరం సూర్యాపేట పోయి దుకాణానికి ఇది ఏసొద్దాం. నీకు ఫ్యాను కింద కుర్చీ ఏపిచ్చిన," అన్నాడు. అందులో వెటకారమేమీ లేదు. అందుకే రామనర్సయ్యకు ఏడుపొచ్చినంత పనయింది.

ఎనిమిదో తరగతి గదిలో ప్రిన్సిపాల్, కరస్పాండెంట్, కమ్లి టీచర్, బెంచీల నిండా తండ్రులు. ఇక దాచి లాభం లేదనుకుని రామనర్సయ్య నిలబడి చేతులు జోడించాడు.

"తప్పు నాది సార్. ఇది బడి పుస్తకమే గాదు. ఆట పుస్తకం. స్పెసిమెన్ మారింది. మీరేమో సదవకుంట..."

ప్రిన్సిపాల్, కరస్పాండెంట్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఆట అని తెలిసే పెట్టామండీ," అన్నాడు భాస్కరరావు ముందుగా తేరుకుని.

"నేను ఫస్ట్ రోజే టీచరమ్మకు సెప్పిన," అన్నాడు శంకర్ నాయక్.

"ఎవలకేం తెల్సో తర్వాత సూద్దాం. అసలిది ఏం ఆట?" అని, గేటు దగ్గర ఆగలేక లోపలికొచ్చిన కొండల్ వెనక నుంచి విసుక్కున్నాడు.

కమ్లి టీచర్ ఇరవై ముఖాల పాచిక తీసి అతని ముందు పెట్టింది.

"అన్నా, నువ్వొక మిల్లు ముంగట నిలబడ్డవ్. తలుపు తెరిచున్నది. లోపల బస్తాల మీద ఏదో పండుకున్నది. ఏం జేస్తవ్?"

"తాళం ఎవడు దీసిండు?"

"తెల్వది."

"వాచ్‌మన్ ఏడ?"

"నిద్రపోతున్నడు."

"నాకెర్కే," అంటూ కొండల్ బెంచీ ముందుకు లాక్కుని కూర్చున్నాడు.

ముప్పావుగంట ఎవరూ లేవలేదు. కొండల్ వాచ్‌మన్‌ను లేపాడు, తిట్టాడు, లాంతరు తెప్పించాడు, బస్తాలు నలగకుండా పక్కకు జరిపించాడు. తీరా కర్ర ఎత్తి పాచిక వేస్తే ఒకటి పడింది. బస్తాల మీదిది తోక విసిరింది.

"సచ్చిపోయినవ్ అన్నా," అంది కమ్లి టీచర్.

"ఎట్ల సస్త? నా మిల్లుల నేనెట్ల సస్త?"

"ఈ పుస్తకంల అంతే."

"కొత్తదాంట్ల?"

"పట్టీ కడ్తే లేస్తవ్."

కొండల్ చెమట తుడుచుకుని వెనక్కి తిరిగాడు. "బావా, కొత్తది దెప్పియ్."

దీప్లా కూడా లేచాడు. తారకు కొత్తది కావాలన్నాడు. మరి పాతవి వాపసా అని ప్రిన్సిపాల్ అడిగితే తండ్రులంతా ఒక్కసారిగా వద్దన్నారు. పరీక్షలో దేని నుంచి ప్రశ్నలిస్తారో ఎవరికి తెలుసు, పిల్లల దగ్గర రెండూ ఉండాల్సిందే. ఇందులో పరీక్ష ఉండదని కమ్లి టీచర్ రెండుసార్లు చెప్పింది గానీ ఎవరూ నమ్మలేదు. రెండు బడులకూ నలభై, మిల్లుకు ఒకటి అని అక్కడికక్కడే ఆర్డరు రాశారు. దుకాణం నిలబడింది. సోమవారం నుంచి తారకు హాజరు వేస్తామని ప్రిన్సిపాల్ మాటిచ్చాడు.

బస్టాండుకు నడుస్తూ కొండల్ తాళాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. చివరికి జేబులో పడేసి, బావను మర్యాదగా అడిగాడు.

"బావా, ఆ కొత్తది ఎన్నొద్దులు కొత్తగుంటది?"

పంతొమ్మిదేళ్ళ అనుభవం ఉన్న రామనర్సయ్య ఆలోచించాల్సిన పనే లేకపోయింది.

"నువ్వు కొనేదాంక."